బండి పట్టే మనిషి

మోటర్ సైకిల్ వెనక చక్రం ఊడదీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింద కూర్చుని చక్రాన్ని లాగాలి, ఇంకొకరు బండిని పక్కకు వంచి పట్టాలి. మా ఇంట్లో లాగేది మా ఆయన, పట్టేది ఆయన అక్క. నేను వంటింటి గడప మీద నిలబడి చూసేదాన్ని. కొత్త కాపురంలో ఒకరికి అత్తతో తగువు వస్తుంది, ఇంకొకరికి తోడికోడలితో వస్తుంది. నాకు మాత్రం ఫట్‌ఫటీ వెనక చక్రం దగ్గర వచ్చింది. చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నవ్వితే నవ్వండి.

నా పుట్టిల్లు వేల్పూర్ దగ్గర, పసుపు పండించే ఇల్లు. అరవైల్లో పెళ్లయి బోధన్ వచ్చాను. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఫీల్డ్‌మ్యాన్. వర్ని, మోస్రా, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఎవరి చెరుకు ఎంత ముదిరింది, ఎవరిది ముందు కొట్టాలి అని చూసి రావడం ఆయన పని. దానికోసం నిజామాబాద్‌లో ఎవరి దగ్గరో ఒక పాత మిలిటరీ బండి కొన్నాడు. దున్నపోతంత బరువు. నేను కాపురానికి వచ్చేనాటికే దాని అసలు రంగు ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. అది వస్తుంటే షక్కర్‌నగర్ మలుపు దగ్గరి నుంచే మా వాడకంతా వినపడేది.

మా అత్త ఆయన చిన్నప్పుడే పోయింది, మామ ఆ తర్వాత కొన్నేళ్లకు పోయాడు. ఆయన్ని ఎత్తుకుని పెంచింది అక్కే. ఆమె పెళ్లయి అత్తారింటికి పోయి, భర్త చనిపోయాక తిరిగి తమ్ముడి దగ్గరికే వచ్చింది. నాకు వదిన. ఇంట్లో మేం ముగ్గురమే. వదిన చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబుద్ధి కాదు.

చెరుకు కొట్టే కాలం వచ్చిందంటే బోధన్ రోడ్ల మీద ఎడ్లబండ్ల వరసే వరస. ఎడ్ల కాళ్లకు కొట్టిన నాడాలు ఊడి, వాటి మేకులు రోడ్డంతా పడి ఉండేవి. రోడ్డు దిగి గట్ల మీదికి పోతే తుమ్మముళ్లు. ముందు చక్రం మేకును లేపుతుంది, వెనక చక్రం దాని మీద ఎక్కుతుంది. అందుకని పంక్చర్ అయ్యేది ఎప్పుడూ వెనకదే. మా ఆయన బండిని నెట్టుకుంటూ వచ్చిన రోజున ఫట్‌ఫటీ చప్పుడు ఉండేది కాదు. ఆ చప్పుడు లేకపోవడమే వదినకు గుర్తు. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి లేచేది.

ఆ తర్వాత జరిగేదంతా నాకు కళ్లు మూసుకుంటే కనపడుతుంది. కనపడక ఏం చేస్తుంది, కళ్లలో వత్తులు వేసుకుని చూశాను కదా! వదిన చెక్కపీట తెచ్చి స్టాండ్ కింద పెట్టేది, చక్రం నేల నుంచి ఇంకా పైకి లేవాలని. ఆయన గొంతుక్కూర్చుని పట్కారుతో చైన్ లాక్ తీసేవాడు. అది చిన్న ఇనప రేకు, ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు చీలి, అచ్చం చేపలా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని చేప అనే అనేవాళ్లు. చేపను తీసి వదిన అరచేతిలో వేసేవాడు. చైన్‌ను ఇనప తట్టలో గాసునూనె, అంటే కిరసనాయిలు, పోసి అందులో వేసేవాడు. బ్రేకు కడ్డీ విప్పి, పెద్ద పానాతో ఇరుసు నట్టు వదులు చేసి, కట్టెముక్కతో కొట్టి ఇరుసును బయటికి లాగేవాడు. సరిగ్గా అప్పుడు, ఆయన లాగుతుండగానే, వదిన బండికి అవతలివైపు చేరి సీటును రెండు చేతులా పట్టి తన నడుముకు ఆనించుకుని వంచేది. చక్రం మడ్‌గార్డు కింద నుంచి ఒడిలోకి జారినట్టు ఆయన చేతుల్లోకి వచ్చేది.

ఇదంతా జరుగుతుంటే ఒక్క మాట ఉండేది కాదు. నాకు కడుపులో మండేది అక్కడే. ఆయన చెయ్యి చాస్తే పానా అందులో ఉండేది. తల పక్కకు తిప్పితే బండి ఆ పక్కకు వంగేది. నాతో మాట్లాడితే ఉప్పు ఎక్కువైందనీ, తువ్వాల ఎక్కడ పెట్టావనీ మాట్లాడేవాడు. నాతో మాట్లాడకుండా ఉండేంత దగ్గరితనం మాకు లేదు. అక్కాతమ్ముళ్లు నోరు విప్పకుండా చేసుకునే ఆ పనిని చూస్తే, ఏదో నాకు చెప్పకుండా తలుపు వేసుకుని మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

నాకు కావలసింది పెద్దదేం కాదు. వాకిట్లోంచి ఆయన ఒక్కసారి నన్ను పిలవాలి. అక్కను కాదు, నన్ను. "రా, పట్టు" అనాలి. పక్కింటివాళ్లు వినాలి కూడా. అంతే.

పిలవకపోతే నేనే పోతే ఏమని అడుగుతారేమో. ఒకసారి పోయాను. ఆయన నట్టు విప్పుతుంటే పక్కన పోయి నిలబడ్డాను. వదిన నా చేతుల వైపు చూసి, మెత్తగానే అంది.

"నువ్వు జర దూరం నిలవడు పిల్లా. కొంగు సైనుల వడ్తది. గాజులున్న చెయ్యి గీడ పనికి రాదు. ఏదన్న తలిగి పలిగితె శెనివారం పూట మంచిగుండది. నా చేతులంటె బోసియి, నాకేమైతది?"

ఆయన తలెత్తకుండానే "అవునే, నువ్వు లోపలికి పో" అన్నాడు.

నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. నా చేతులకు నిండా గాజులు. మా అమ్మ పెళ్లిలో వేయించినవి, పచ్చవీ ఎర్రవీ కలిపి. ఆ గాజుల్ని చూసుకుని ఏడుపు వచ్చింది. ఒక ముత్తైదువకు విధవ బోసి చేతుల్ని చూసి ఈర్ష్య పుట్టడం ఎక్కడైనా ఉందా? నాకు పుట్టింది. ఆ మాట పైకి అని ఉంటే మా అమ్మే నన్ను పొయ్యికట్టెతో కొట్టి ఉండేది. కానీ నిజం అదే. చక్రం పుల్లల మధ్యలోంచి లోపలికి పోయి ఇరుసుకు తొడిగే బుష్షును పట్టుకునే ఆ సన్నటి, నల్లటి మణికట్టు నాకు లేదని బాధ.

మా పక్కింట్లో బిలోలి నుంచి వచ్చిన ఒకామె ఉండేది. సగం మరాఠీ, సగం తెలుగు. గోడ మీంచి తల పెట్టి అన్నీ చూసేది. ఒకరోజు నేను గడపలో నిలబడి ఉంటే ఆమె గోడ మీంచి, "కాయ్ బాయీ, గట్ల సూస్తున్నవేంది? ఫట్‌ఫటీ మీద నీకు సవతిని దెచ్చిండా నీ మొగుడు?" అంది. వదిన కూడా విని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పూట అన్నం మాడింది. కావాలని మాడ్చలేదు గానీ, మాడుతోందని తెలిసీ దించలేదు.

ఇంక నేను చూడటం మానేయాలి కదా. మానలేదు. పైగా ఇంకా ఎక్కువ చూశాను. ఏ నట్టుకు ఏ పానా, ఏ వాషర్ ఏ వైపు, బుష్షు ముందా వాషర్ ముందా, చేప తల ఎటు. వదిన ఎక్కడైనా తడబడుతుందేమో, ఒక్కసారి బండి ఆమె చేతుల్లోంచి జారుతుందేమో అని చూసేదాన్ని. జారలేదు. బండంత బరువు ఆమె నడుము మీద చంటిపిల్లలా ఆగేది.

ఒక సీజన్ మధ్యలో మోస్రా నుంచి వదినకు కబురు వచ్చింది. అక్కడ వాళ్ల చిన్నమ్మ కూతురి పెళ్లి. పెళ్లి పనులకు చెయ్యి సాయానికి ముందే రమ్మన్నారు. ఆమె మూటలో రెండు చీరలు కట్టుకుని బస్సెక్కింది. బస్సు కదులుతుంటే కూడా తమ్ముడికి ఏదో చెప్తూనే ఉంది. నేను ఇంటికొచ్చి వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, ఊపిరి పీల్చుకున్నాను.

ఆమె పోయిన కొన్నాళ్లకే బండి పంక్చర్ అయింది.

పొద్దుగూకే వేళ ఆయన బండిని నెట్టుకుంటూ వచ్చాడు. మామూలుగా ఆయన బండిని వాకిట్లోకి తెచ్చేటప్పుడు వెనక్కి తిప్పి, ముందు చక్రం గేటు వైపు ఉండేలా పెట్టేవాడు, తెల్లారి ఎక్కి నేరుగా పోవచ్చని. ఆరోజు చాలా దూరం నెట్టి అలిసిపోయాడేమో, తిప్పలేదు. ముందు చక్రం ఇంటివైపే ఉండేలా స్టాండ్ వేసి వదిలేశాడు. నేను చెంబుతో నీళ్లిచ్చి, అక్కడే నిలబడ్డాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇప్పుడు పిలవక తప్పదు కదా అని నా గుండె కొట్టుకుంటోంది. పెళ్లిచూపుల నాడు కూడా అంత కొట్టుకోలేదు.

ఆయన నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"అక్క వచ్చినంక తీద్దాం తీ. అప్పటిదాంక బస్సుల వోత."

అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నేను చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాను. బస్సులో వర్ని పోయి, అక్కడి నుంచి ఎవరి సైకిలో అడిగి పొలాలన్నీ తిరుగుతాడట. కాళ్లు పీక్కుపోయినా సరే, ఎండలో మాడినా సరే, నన్ను మాత్రం బండి పట్టమని అడగడట. నాలో ఏం తక్కువైంది? చేతుల్లేవా, నడుం లేదా? మా ఇంట్లో పసుపు ఉడికించే కడాయిలు మోసినదాన్ని నేను. ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. పక్కన ఆయన గుర్రు పెడుతుంటే ఇంకా కోపం వచ్చింది.

తెల్లారి ఆయన బస్సుకు పోగానే నేను వాకిట్లోకి వచ్చాను. గాజుల్ని మోచేతుల దాకా జరిపి, చింకిగుడ్డలతో రెండు చేతులకూ గట్టిగా చుట్టి కట్టాను. కొంగు బిగించి దోపాను. వదిన పానాలు పెట్టుకునే డబ్బా ఆమె గూట్లోంచి తీశాను. అది ముట్టుకుంటుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

చెక్కపీట పెట్టాను. పట్కారుతో చేపను లాగాను, ఎగిరి ముగ్గులో పడింది. వెతికి పట్టుకుని కొంగున ముడేశాను. చైన్ తీసి గాసునూనెలో వేశాను. బ్రేకు కడ్డీ ఊడింది. ఇరుసు నట్టు కదల్లేదు. పానా మీద కాలు పెట్టి తొక్కాను, అప్పుడు కిర్రుమని తిరిగింది. ఇంక మిగిలింది బండిని వంచడం. లాగేది నేనే అయితే వంచేది ఎవరు?

బావి పక్కన నీళ్లు నింపుకునే రాతి గోలెం ఉంది, బండి సీటంత ఎత్తు. మంచిదైంది, ఆయన బండిని దానికి దగ్గరగానే వదిలాడు. గోలెం అంచు మీద గోనెసంచి మడతపెట్టి, బండిని స్టాండ్‌తో సహా కొద్దికొద్దిగా జరిపి, సీటును దాని మీదికి వంచాను. ఆనింది. ఇరుసు లాగి, చక్రాన్ని అటూ ఇటూ ఊపితే మడ్‌గార్డు కింద నుంచి ఒక్కసారిగా వచ్చి నా కాళ్ల మీద పడింది. బుష్షు దొర్లుకుంటూ తులసికోట దాకా పోయింది.

గోడ మీంచి బిలోలి ఆమె తల కనపడింది. "అరే దేవా" అని ఇంకేమీ అనలేదు. ఆమె నోరు మూతపడటం నేను అదే మొదటిసారి చూడటం.

చక్రాన్ని దొర్లించుకుంటూ సందు చివర సైకిల్ షాపుకు పోయాను. నెత్తి మీద కొంగు, చేతుల నిండా గ్రీజు, నా ముందర దొర్లుతూ ఆ చక్రం. చెరుకుబండ్ల మీద పోతున్నవాళ్లు తిరిగి తిరిగి చూశారు. చూస్తే చూడనీ. షాపు ముసలాయన కళ్లద్దాలు సవరించుకుని, "క్యా బేటీ, ఘర్ మే కోయీ నై క్యా?" అన్నాడు.

"ఉన్నరు సాబ్. నాకు గూడ చేతులున్నయి" అన్నాను.

ఆయన ట్యూబు తీసి, మేకు పీకి, పట్టీ వేసి గాలి కొట్టి ఇచ్చాడు. తిరిగి ఎక్కించడమే కష్టమైంది. చక్రాన్ని మోకాలితో ఎత్తి, ఇరుసు దూర్చబోతే బుష్షు జారుతుంది. బుష్షు పట్టుకుంటే చక్రం జారుతుంది. ఎన్నిసార్లు దించి ఎత్తానో తెలీదు. చివరికి బుష్షుకు కొంచెం గ్రీజు పూసి అతికించాను. అలా చెయ్యొచ్చని నాకెవరూ చెప్పలేదు, వదిన చేస్తుంటే చూశాను. ఇరుసు అటు నుంచి ఇటు దూరి నట్టు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. చైన్ వేసి, కొంగు ముడి విప్పి, చేపను దాని చోట నొక్కాను. తల ఎటు ఉండాలో నాకు బాగా గుర్తు. చేప తల గేటు వైపు. ఎన్నిసార్లు చూశాను, ఎప్పుడు చూసినా గేటు వైపే.

చక్రాన్ని చేత్తో తిప్పాను. తిరిగింది. బండిని నిలబెట్టి, గోలెం మీద నుంచి గోనెసంచి తీసి, పీట కడిగి, పానాలు డబ్బాలో పెట్టి, స్నానం చేసి పచ్చచీర కట్టుకున్నాను. గాజులు ఒక్కటీ పగల్లేదు.

సాయంత్రం ఆయన గేటు తీసుకుని వచ్చాడు. బండి ముందు ఆగాడు. వంగి టైరు నొక్కి చూశాడు. చైన్ చూశాడు. ఆయన ముఖం వెలిగింది. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. ఇంటివైపు తిరిగి, నా మీద నుంచి లోపలికి చూస్తూ గట్టిగా అన్నాడు.

"అక్క ఎప్పుడొచ్చింది?"

నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది.

"మీ అక్క రాలే" అన్నాను. "నేనే తీసిన. నేనే పెట్టిన."

ఆయన నన్నూ, బండినీ, మళ్లీ నన్నూ చూశాడు. నమ్మలేదని కాదు. ఎలా నమ్మాలో తెలీలేదు. మళ్లీ వంగి, నట్టు చూశాడు, బ్రేకు నొక్కాడు, చక్రం తిప్పాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చైన్ దగ్గరికి వచ్చేసరికి ఆగి, పకపకా నవ్వాడు.

"ఏమే, ఇది ఎనక్కు వొయ్యే బండా? చేప తల ఎన్కకు వెట్టినవ్. గిట్లనే పోతె మోస్రా దాటకముందే సైను ఊడి చేతికి వస్తుండె."

అప్పుడు అర్థమైంది నాకు. చేప తల ఉండాల్సింది గేటు వైపు కాదు, బండి పోయే వైపు. రోజూ బండి గేటు వైపు తిరిగి ఉండేది కాబట్టి రెండూ ఒకటే అయ్యాయి. నిన్న ఆయన బండిని తిప్పకుండా పెట్టాడు. నేను గడప మీద నిలబడి నేర్చుకున్న పని గడప లెక్కనే చేశాను. దగ్గరికి రానిచ్చి ఉంటే తెలిసేది కాదా?

ఆయన ఇంకా నవ్వుతూనే పట్కారు తీసి చేపను తిప్పి పెట్టాడు. మంచిగ చేసినవ్ అన్న మాట ఆ నోట్లోంచి వస్తుందేమోనని చూశాను. రాలేదు. దాంతో అన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా బయటికి వచ్చింది.

"ఏనాడన్న నన్ను పిల్చినవా నువ్వు? ఎప్పుడు సూడు అక్క, అక్క. బండి పట్టనీకి అక్క. పానా ఇయ్యనీకి అక్క. నేనేమన్న దిష్టిబొమ్మనా, గడపల నిలవడనీకి? ఒక్కనాడు పిలిస్తె నీ సొమ్మేం బోయింది?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నిజంగా ఆశ్చర్యపోయి చూశాడు.

"అక్కనా? అక్కను నేనేడ పిల్చిన? ఎన్నడు పిల్వలే. ఆమెనే వస్తది."

నేను గుర్తు చేసుకున్నాను. ఎంత వెతికినా ఆయన పిలిచిన గొంతు గుర్తు రాలేదు. నిజమే. ఒక్కనాడూ పిలవలేదు. ఆ పిలుపు నాకు వినపడకుండా ఎక్కడో జరుగుతోందని అనుకున్నాను నేను. అది తెలిసి మనసు చల్లబడాలి కదా. ఇంకా మండింది. పిలిస్తే వచ్చేదానికంటే పిలవకుండా వచ్చేది ఎంత ఎక్కువ!

"వస్తది. ఎందుకు రాదు? ఆమె పుట్టిన ఇల్లు ఇది" అన్నాను. "ఆమెను ఎవ్వరు పిల్వాల్సిన పని లేదు. నేను గట్ల వచ్చినదాన్న? బాజాలు వెట్టి, నలుగురు వచ్చి పిలిస్తె వచ్చినదాన్ని. నన్ను పిల్వాలె."

ఆయన పట్కారు డబ్బాలో వేసి, చేతులు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

పెళ్లి అయిపోయి వదిన తిరిగి వచ్చింది. ఆయన ఈ కథంతా నవ్వుకుంటూ చెప్పాడు. "నీ మర్దలు చేపను ఎన్కకు ఈదిపిచ్చింది అక్కా" అన్నాడు. వదిన నవ్వలేదు.

"బండి ఎవలు వంచిండ్రు?" అంది.

"ఎవలు లేరు. గోలెంకు ఆనిచ్చింది."

వదిన మూట కూడా దించకుండా బావి దగ్గరికి పోయి గోలెం అంచును చూసింది. చేత్తో తడిమింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతులు చూసింది.

"గాజులేం జేసినవ్?"

"పైకి జరిపి గుడ్డ కట్టిన వదినె."

"గుడ్డ కట్టినవా" అంది. ఆ ముఖం నాకు తెలుసు. కొత్త కాపురం నాటి నుంచీ నా ముఖం ఎలా ఉందో నాకు అద్దం అక్కర్లేకుండా తెలుసు. అదే ముఖం. ఆమెకూ మండుతోందని తెలిసి, నాకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

మళ్లీ పంక్చర్ అయ్యే రోజు కోసం ఇద్దరం ఎదురుచూశాం. పైకి ఎవరం అనలేదు. వచ్చింది ఆ రోజు. ఫట్‌ఫటీ చప్పుడు లేకుండా ఆయన గేటు తీసిన అలికిడి. వసారాలో బియ్యం చెరుగుతున్న వదిన చాట పక్కన పెట్టి లేచింది. నేను వంటింట్లో ఉన్నాను. లేవలేదు. పళ్లు బిగించుకుని కూర్చున్నాను. పిలవకపోతే పోను, చచ్చినా పోను.

"ఏమే!" అన్నాడు ఆయన వాకిట్లోంచి. "ఇట్ల రాయే. బండి పట్టాలె."

వాడ మొత్తానికి వినపడింది. బిలోలి ఆమెకు కచ్చితంగా వినపడింది. నేను గాజులు పైకి తోసుకుంటూ పరుగు పెట్టాను. వసారాలో వదిన రెండడుగులు వేసి ఆగి ఉంది. తమ్ముడు ఇంకొకరిని పిలవడం ఆమె ఎప్పుడూ విని ఉండదు. నేను పక్కనుంచి పోతుంటే గోడకు జరిగి దారి ఇచ్చింది.

పిలుపు అయితే దక్కింది గానీ, పని మాత్రం అక్కతో చేసినట్టు నిశ్శబ్దంగా జరగలేదు. "గటు కాదే, గిటు! ఇంక వంచు! అరే ఆగు, కాలు మీద ఎత్తేస్తవా ఏంది?" అని ఒకటే అరుపులు. అక్కను ఏనాడూ అలా కసరలేదు. నా నడుం రెండు రోజులు పట్టేసింది. అయినా ఆ చోటు వదిలిపెట్టలేదు. మళ్లీ పిలిచాడు, మళ్లీ పోయాను. ఆ చలికాలమంతా పిలుస్తూనే ఉన్నాడు. నెమ్మదిగా అరుపులు తగ్గాయి. నా గుడ్డముక్కలు నేను ముందే కట్టుకుని ఉండేదాన్ని. పానాల డబ్బా వదిన గూట్లోంచి వంటింటి అలమర్లోకి వచ్చింది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

సీజన్ అయిపోవచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పూట, మళ్లీ చక్రం తీస్తున్నాం. ఆయన ఇరుసు మీద కట్టెముక్క పెట్టి కొడుతున్నాడు. అది ఎక్కడో బిగుసుకుని కదలడం లేదు. కొట్టీ కొట్టీ ఆయనకు చెమటలు పట్టాయి. ఆ చప్పుడు లోపలికి వినపడుతోంది. వసారాలో చాట చప్పుడు ఆగింది. కాసేపటికి వదిన గొంతు వినపడింది. మెల్లగా, కొత్త ఇంట్లో చుట్టం అడిగినట్టు.

"తమ్మీ, నేను రావాల్నా?"

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. ఆయన్ని ఎత్తుకుని తిరిగిన మనిషి, పుట్టిన ఇంట్లో, పది అడుగుల దూరం రావడానికి అడుగుతోంది. ఆయన నోరు తెరిచాడు. ఏం అనబోయాడో నాకు తెలీదు. నేనే ముందు అన్నాను.

"వద్దు వదినె. నేనున్న గదా."

ఆయన తలెత్తి నావైపు చూశాడు. నేను సీటును రెండు చేతులా పట్టుకుని బండిని నావైపు వంచుకున్నాను.